గుడ్డల ఊర్లో గుడ్డి కిటికీ

ఇంగ్లండు ముఖం చూడకుండా ఇంగ్లీషు ఇళ్ల గురించి మాట్లాడటం నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. వింటున్నవాళ్లలో మా బావ ఉన్నాడని గమనించకపోవడం రెండోది. ఆయన అడగని ప్రశ్నలకు కూడా జవాబులు చెప్పడం మూడోది. ఈ మూడూ కలిసి నన్ను తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆరు రోజులు భీవండిలో పడేశాయి. అక్కడికి వెళ్లనివాళ్లకు ఆ ఊరెలా ఉంటుందో చెబుదామనే కూర్చున్నాను. కానీ వెళ్లొచ్చిన నాకే సరిగా అర్థం కాలేదు కాబట్టి, అయోమయాన్ని అయోమయంగానే రాస్తున్నాను.

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఒక ఆఫీసులో నక్షలు గీసేవాణ్ని. కల్వర్టులు, ప్రహరీ గోడలు, పశువుల దవాఖానాలు. గేదెలు గర్వపడే కట్టడాలు కొన్ని నా చేతి మీదుగా వచ్చాయి. ఒకసారి హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ ఫుట్‌పాత్ మీద పన్నెండు రూపాయలకు అట్ట ఊడిన పుస్తకం ఒకటి కొన్నాను. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో కట్టిన ఇళ్ల బొమ్మలన్నీ అందులో ఉన్నాయి. తెల్లటి ముఖాలు, సన్నటి స్తంభాలు, నెలలు నిండినట్టు ముందుకు ఉబ్బిన కిటికీలు, మేజోళ్ల అల్లికలాంటి ఇనుప బాల్కనీలు, తలుపు నెత్తిన విసనకర్ర విప్పి పెట్టినట్టు అర్ధచంద్రంలో అద్దాలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. పశువుల దవాఖానా గీస్తున్నా మనసు అక్కడే ఉండేది. ఒకసారి ఆ దవాఖానాకే రెండు స్తంభాలు పెట్టి తిట్లు తిన్నాను.

మా బావ రాజేశం భీవండిలో మరమగ్గాల యజమాని. మా అక్క భాగ్య ఆయన భార్య. సిరిసిల్ల నుంచి కూలిగా వెళ్లి, ఇరవై ఏళ్లలో పన్నెండు మగ్గాలు సంపాదించాడు. అక్కడ మనవాళ్లు మరమగ్గాన్ని సాంచ అంటారు. అంతకుముందు ఏడాది దసరాకు మా ఇంటికి వచ్చి నా పుస్తకం తిరగేశాడు. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది.

"బామ్మర్దీ, నా సాంచల మీద ఇనుము పోతల ఇంగ్లీషు అక్షరాలున్నయ్. సాంచ ఇంగ్లీషుదైనంక ఇల్లు ఎందుకు కావద్దు?"

ఆ ఒక్కసారైనా నోరు మూసుకుని ఉండాల్సింది. "అవుతుంది బావా, భేషుగ్గా అవుతుంది," అన్నాను. తర్వాత ఉత్తరాల్లో సలహాలు కూడా రాశాను. మే నెలలో ఆయన నుంచి ఒక కార్డు వచ్చింది: "ముందటి గోడ కొట్టేస్తున్న. వానలు పడకముందే లేపాలె. నువ్వు వచ్చి గీయి."

పూర్ణ: కిటికీల్లేని ఊరు

కరీంనగర్ బస్సు మనవాళ్లను బియ్యం సంచులతో, కారంపొడి డబ్బాలతో సహా భీవండిలో దింపుతుంది. అందరినీ దింపింది, నన్ను తప్ప. నేను నిద్రపోయి, కలలో ఒక ఉబ్బు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. మెలకువ వచ్చేసరికి ఊరు దాటిపోయింది. కండక్టరు విసుక్కుంటూ పూర్ణ అనే చోట దింపేశాడు.

పూర్ణలో గోదాములు తప్ప ఇంకేమీ కనిపించలేదు. రోడ్డుకు రెండు వైపులా పొడుగాటి గోడలు, రేకుల కప్పులు, లారీలు. సంచి భుజాన వేసుకుని నడుస్తూ, "ఇదేం ఊరురా, ఒక్క కిటికీ లేదు" అని పైకే అనేసినట్టున్నాను.

"సామాన్లకు కిటికెందుకే అన్నా? అవి బయటికి తొంగి సూస్తయా?"

మాట ఆకాశం నుంచి వచ్చింది. తలెత్తితే కట్టుబడి మంచె మీద తాపీ పట్టుకుని ఒక మనిషి, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. పేరు ప్రభుదాసు, నిజామాబాదు వైపు వాడు. ఆదివారం కామత్‌ఘర్‌లో తెలుగు ప్రార్థన, మిగతా ఆరు రోజులు గోడలు. దిగివచ్చి నాకు వడాపావ్ ఇప్పించాడు. అప్పుడు రెండున్నర రూపాయలు. పావు రొట్టెలో బజ్జీ పెట్టుకుని తినడమనే ఆలోచన మనవాళ్లకు ఎందుకు రాలేదా అని ఆశ్చర్యపోతూ, పక్కనున్న వేయించిన బెండకాయను నోట్లో వేసుకున్నాను. అది బెండకాయ కాదు, మిరపకాయ. నీళ్లు తాగి మనుషుల్లో పడేసరికి ప్రభుదాసు అడుగుతున్నాడు.

"ఎవలింటికి పోవాలె?"

"కామత్‌ఘర్‌లో రాజేశం గారని..."

"ఇంగ్లీష్ ఇల్లు రాజేశం సేటా? ఆ గోడ లేపేది నేనే! అయితే ఇంజినీరు సారు నువ్వేనా?"

ఇంజినీరును కానని చెప్పబోయాను. మిరపకాయ మంటకు మాట రాలేదు. కళ్లనీళ్లు మాత్రం వచ్చాయి. వాటిని ఆయన వినయమనుకున్నాడు.

కామత్‌ఘర్: చూసి వినే మనుషులు

షేర్ ఆటోలో వెనక నలుగురం, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. మూడు రూపాయలు. కామత్‌ఘర్ సందులోకి తిరగగానే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడును చెవులతో వినలేం, పళ్లతో వింటాం. ప్రతి ఇంటి లోపలా సాంచలే, ప్రతి గోడా వణుకుతూనే. బోర్డులు మరాఠీలో, బేరాలు హిందీలో, తిట్లు తెలుగులో. మన ఊళ్లో మనిషి ఎదురైతే "ఏం సంగతి" అంటాం. అక్కడ దూరం నుంచే చెయ్యి గుండ్రంగా తిప్పి చూపిస్తారు, జవాబుగా ఇవతలివాడు గడ్డం పైకెత్తుతాడు. బాగున్నావా, బాగున్నా అని అర్థం కాబోలు. నాకు తెలియక ఒకాయనకు నేనూ చెయ్యి తిప్పాను. ఆయన రెండు చాయలు తెప్పించాడు.

అక్క గుమ్మంలోనే ఉంది. ఏదో అంది. నేను "ఆ?" అన్నాను. మళ్లీ అంది. నేను గొంతు చించుకుని "బాగున్నానే అక్కా!" అని అరిచాను. తొమ్మిదో తరగతి చదివే మేనకోడలు రజిత పడీ పడీ నవ్వింది.

"మామా, ఓరడూ నకో! అరువకు. నోరు పెద్దగ తెరువు, చాలు. మేం చూసి వింటం."

అదే ఆ ఊరి భాష. పెదాలు చూసి మాట పట్టుకుంటారు. పెదాలకు ఒకేలా కనిపించే మాటలు రెండుంటే ఏది పట్టుకుంటారన్నది నేను అప్పుడు ఆలోచించలేదు.

ఇంటికి మధ్యలో తలుపు. అటొక గది, ఇటొక గది, వెనకంతా సాంచల షెడ్డు. ఒక గది బావ బేరాలు చేసే గద్ది. పరుపు మీద తెల్ల దుప్పటి, వీధి మీదికి కిటికీ, వచ్చేపోయే వ్యాపారులు. రెండోది అక్క వంటిల్లు. దానికి కిటికీ లేదు, ఎప్పుడూ లేదట. పొద్దున పదకొండింటికి బల్బు వెలుగుతోంది. అక్క సర్వపిండి పెట్టి, పక్కన పావురొట్టె కూడా పెట్టి, నా ముఖానికి దగ్గరగా వచ్చి ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"తమ్మీ. మీ బావ ఏమన్న కట్టుకోనీ. నాకొక్క కిటికి గీయి. ఇర్వై ఏండ్లాయె. ఈ సాంచల చప్పుడుల వాన పడ్డా నాకు వినపడదు. కిటికి లేకపాయె, కనపడదు. బట్టలు తడిసినంక పక్కింటామె వచ్చి చెప్తది, భాగ్యా, వాన పడ్డది అని. వానను కూడ ఇంకొకల నోట వినాల్నా?"

"గీస్తానే. నీ కిటికీకి నాది పూచీ," అన్నాను. అంత సులువైన మాట నేను జన్మలో ఇవ్వలేదు. ముఖానికి తలుపుకు అటొకటి ఇటొకటి సమానంగా కిటికీలు ఉండాలన్నది ఆ ఇంగ్లీషు ఇళ్లకు ప్రాణం. వంటింటి వైపు కిటికీ పెట్టకుండా నన్ను ఎవరు ఆపగలరు?

మధ్యాహ్నం బావ ఒక పెద్ద అట్టపెట్టెతో దిగాడు. విప్పితే సీలింగ్ ఫ్యాను. దాంతోపాటు ట్యూబులైటు.

"ఇది ఏడ బిగియ్యాల్నో చెప్పు. తలుపు మీదనా, తలుపు ముందటనా?"

"తలుపు మీద ఫ్యానెందుకు బావా?"

"నువ్వే రాసినవ్ గదా! తలుపు మీద ఫ్యాన్‌లైట్ తప్పనిసరి అని." జేబులోంచి నా ఉత్తరం తీశాడు. మాట అదే, కింద రెండుసార్లు గీత కూడా నాదే.

విసనకర్ర ఆకారంలో ఉండే అద్దాన్ని అలా పిలుస్తారని చెప్పాను. ఆయన ఫ్యాను రెక్క మీద చెయ్యి వేశాడు. "అంటే తిరుగది?" అన్నాడు. తిరగదన్నాను. "వెలుగది?" పగలు వెలుతురు వస్తుందన్నాను. "ఫ్యాను గాదు, లైటు గాదు. మరి ఫ్యాన్‌లైటెందుకైతది?" నేను ఫ్యానును తిరిగి పెట్టెలో సర్దాను. సాయంత్రం ప్రభుదాసు వచ్చాక పైకీ కిందికీ జరిగే సాష్ కిటికీ గురించి చెప్పినా అదే గతి.

"సాస్ కిడికీనా? హిందీల సాస్ అంటే అత్త గదా!" అన్నాడు ప్రభుదాసు. "పైకి లేస్తది, ఉన్నట్టుండి మీదవడ్తది. సరిగ్గనే పెట్టిండ్రు పేరు."

ఈ వణికే ఊర్లో అది నిజంగానే చేతుల మీద పడుతుందని అనిపించి, ఆ అత్తగారిని అక్కడితో వదిలేశాం. రెక్కల కిటికీలే ఖాయమయ్యాయి.

అంతవరకూ బాగానే ఉంది. బావ పుస్తకం తిరగేస్తూ ఒక ఇంటి బొమ్మ దగ్గర ఆగి, "ఈ కిటికి ఏంది, నల్లగ చచ్చినట్టున్నది?" అని అడిగాడు. తెలియదు అంటే సరిపోయేది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. అది నిజం కిటికీ కాదు బావా, ఉత్త గోడే. లోపల పొగగొట్టమో, మెట్లో అడ్డం వస్తాయి, కానీ బయట వరస చెడకూడదు కదా, అందుకని కిటికీ ఆకారం చేసి, గాజు పలకలు రంగుతో గీసేవాళ్లు. కిటికీకింత అని పన్ను కూడా ఉండేదట, దానికి భయపడి పూడ్పించినవాళ్లూ ఉన్నారట. దీన్ని గుడ్డి కిటికీ అంటారు.

బావ ముఖం గద్ది కిటికీలా తెరుచుకుంది.

"శభాష్! వంటింటికి ఇదే పెట్టు."

"బావా, అక్క అడిగింది..."

"ఆ గోడకు నూలు గోనెలు పేర్చాలె. కిటికి పెడితే ఏడ పేర్చుడు? ఇగ సందుల పత్తి దుమ్ము ఎంతున్నదో చూసినవ్, అదంత కూర్ల పడ్తది. బయటికెల్లి చూస్తే కిటికి కిటికి లెక్కనే ఉంటది గదా? దొరలే గట్ల కట్టుకున్నరు, మనమెంత?"

పుస్తకం నాదే, బొమ్మ నాదే, వివరణ నాదే. బావ గుమ్మంలో నిలబడి, సాంచల హోరు మీదుగా వంటింట్లోని అక్కకు కేక పెట్టాడు.

"ఏమే! నీ కిటికి గుడ్డిదట! తమ్ముడు పెడ్తున్నడు!"

అక్క మగని పెదాలు చూసింది. ముఖమంతా నవ్వు. నా వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దిష్టి తీసినట్టు మెటికలు విరిచింది.

పొద్దున్నేగా వాన కోసం కిటికీ అడిగింది? మధ్యాహ్నానికి గోడనిస్తానంటే దీవిస్తుందా? ఇరవై ఏళ్ల సంసారంలో ఆడవాళ్లు ఇలా సర్దుకుపోతారేమో అనుకున్నాను. అనుకుని, రెండు రోజులు ఆమె కళ్లలోకి చూడకుండా తిరిగాను. ఆమె మాత్రం పిలిచి పిలిచి నెయ్యి వేసింది.

శాంతి నగర్: స్తంభం మీద చెయ్యి

మూడో రోజు బావ నన్ను శాంతి నగర్ తీసుకుపోయాడు. అక్కడ ఇంకో సాంచల యజమాని స్తంభాల ఇల్లు కట్టుకున్నాడట, దాన్ని మించాలన్నది బావ పట్టుదల. శాంతి నగర్‌కు ఆ పేరు పెట్టినవాడు గొప్ప హాస్యగాడై ఉండాలి. నగరం ఉంది, శాంతి కోసం చుట్టూ వెతికాను. కామత్‌ఘర్ హోరు దాని ముందు జోలపాట.

ఇంటాయన పెద్దమనిషి, తెల్లటి గడ్డం, మంచి మర్యాద. ఆయన హిందీలో అడుగుతున్నది నాకు ఒక్క ముక్క వినిపించలేదు. చూసి వినడం నాకింకా పట్టుబడలేదు. మర్యాదకని ప్రతిదానికీ "హా జీ" అన్నాను. మొదటి హా జీకి చాయ్ వచ్చింది. రెండోదానికి ఖీమా సమోసాలు. మూడోదానికి ఇంకో పళ్లెం. నాలుగోదానికి ఆయన లేచి నన్ను కౌగిలించుకున్నాడు. బయటికొచ్చాక బావ చెప్పాడు, వాళ్ల తమ్ముడి ఇంటికి కూడా ఉచితంగా నక్ష గీసిస్తానని నేను ఒప్పుకున్నానట. ఆ నక్ష తర్వాత పోస్టులో పంపాను. కల్వర్టులా వచ్చింది.

ఆ ఇంటి స్తంభాల మీద మాత్రం చెయ్యి వేసి చూశాను. చూపుకు పాలరాయి. లోపల సిమెంటు పైపు, మీద ప్లాస్టరు, ఆపైన రంగుతో రాతి చారలు. అరచేతి కింద అది సన్నగా వణుకుతోంది, జ్వరం వచ్చిన మనిషిలా. వెనక షెడ్డులో సాంచలు నడుస్తున్నాయి మరి.

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. నా పుస్తకంలోని ఇళ్ల సంగతీ అంతే కదా. అవి రాతి ఇళ్లు కావు, ఇటుకవి. ఇటుక కనబడితే నామోషీ అని స్టక్కో అనే నున్నటి గార పూసి, అది ఆరకముందే గీతలు గీసి, రాళ్లు పేర్చినట్టు భ్రమ పెట్టేవాళ్లు. పది మంది పక్కపక్కన కట్టుకున్న ఇరుకు ఇళ్లకు కలిపి ఒకే ముఖం తొడిగి, దూరం నుంచి రాజమహల్ అనిపించేవాళ్లు. ఆ వరసను వాళ్లు టెరేస్ అంటారు. ఆ మాట నేను ఉత్తరంలో రాస్తే బావ డాబా అనుకుని పైన నీళ్ల ట్యాంకు కట్టించాడు, అది వేరే కథ. ఆ ముఖాల వెనక వంట చేసేవాళ్లు నేలమాళిగల్లో ఉండేవాళ్లని కూడా పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేను ఎప్పుడూ త్వరగా తిప్పేసేవాణ్ని. అక్కడ కిటికీలు గీయడానికి ఏమీ ఉండదని.

తిరిగి వస్తుంటే ఆ పేజీ గుర్తొచ్చింది. అక్క బల్బు కూడా.

మళ్లీ కామత్‌ఘర్: ఎడమ, కుడి

నాలుగో రోజు ముందు గోడ కొట్టేశారు. వీధి ఇంట్లోకి, ఇల్లు వీధిలోకి వచ్చాయి. అక్క ఆ పూట వంట చేస్తూ మూడుసార్లు ఆకాశం చూడటం నేను చూశాను.

ఐదో రోజు నక్ష పూర్తి చేశాను. ఇంటి ముఖాన్ని ఎవరైనా ఎలా గీస్తారో అలాగే, వీధిలో నిలబడి చూసినట్టు గీశాను. వీధి నుంచి చూస్తే గద్ది ఎడమకు, వంటిల్లు కుడికి వస్తాయి. బావ కోరినట్టు వంటింటి కిటికీని, అంటే కుడిదాన్ని, గీతలు కొట్టి నల్లగా నింపాను.

గద్దిలో కూర్చున్న బావ కాగితం చూసి భగ్గుమన్నాడు. వెనక పన్నెండు సాంచలు హోరెత్తుతున్నాయి. ఆయన నోరు పెద్దగా తెరిచాడు.

"ఏంది బామ్మర్దీ! వంటింటిది ఎడమదిక్కైతే గుడ్డిది కుడిదిక్కు గీసినవ్?"

ఆయన ఎందుకలా అంటున్నాడో నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. గద్దిలో వీధికి ఎదురుగా కూర్చుంటే వంటిల్లు ఎడమ చేతికి వస్తుంది. సాంచల్లో కూడా ఎడమ చేతివి, కుడి చేతివి అని రెండు రకాలున్నాయి. నేసేవాడు దాని ముందు నిలబడితే ఏ చెయ్యి అవుతుందో అదే లెక్క. ఇరవై ఏళ్లుగా బావకు ప్రపంచంలో ఎడమ, కుడి అంటే అవే. బయట నిలబడి చూసేవాడి ఎడమ ఆయన లెక్కలోనే లేదు.

"బావా, ఇది వీధిలోంచి చూసినట్టు..." అని పెదాలు విప్పి చెప్పాను.

"నాకు నేర్పుతవా? ఇర్వై ఏండ్ల సంది ఎడమ సాంచ, కుడి సాంచ చూస్తున్న. పుట్టినప్పుడు నీకు ఎడమేదో కుడేదో చూపించిందే మీ అక్క!"

"అది కాదు బావా, కాగితం మీద..."

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

పన్నెండు సాంచలూ ఒక్క దెబ్బకు ఆగాయి. వీధి వీధంతా ఆగింది. అంతటి నిశ్శబ్దం మీద పడితే మనిషి తూలుతాడని నాకప్పుడే తెలిసింది. బావ గొంతు మాత్రం ఆగలేదు. హోరులో మొదలుపెట్టిన కేక నిశ్శబ్దంలో పూర్తయింది.

"ఎడమ కిటికి గుడ్డిదే ఉండాలె! వంటింటిది! కండ్లు లేనిది! ఎన్క ఉత్త గోడ!"

సందు చివర ఎవరో నవ్వారు. నేను తల తిప్పితే వంటింటి గుమ్మంలో అక్క. రెండు చేతుల మీద మడిచిన బట్ట ఒకటి. మాకు చూపిద్దామని తెచ్చినట్టుంది. ఇంటి సాంచల మీద నేసిన తెల్ల గుడ్డే. పసుపు రంగు వేయించి, అంచుకు ఎర్ర దారంతో తీగ కుట్టి, పైన తాడు దూర్చడానికి మడత కూడా పెట్టింది.

"ఏందది?" అన్నాడు బావ. మామూలు గొంతుతో. ఆయన మామూలు గొంతు నేను ఆ వారంలో వినడం అదే మొదలు.

"పర్దా," అంది అక్క. బట్ట విప్పి చూపించి, "గుడ్డ కిటికి అన్నవనుకున్న. పర్దా కట్టే కిటికి పెడ్తున్నవని."

రజిత వచ్చి తల్లి చేతిలోని బట్ట కొస పట్టుకుంది. గుడ్డ, గుడ్డి. పెదాలు రెండింటికీ ఒకేలా కదులుతాయి కాబోలు. గుడ్డలు నేసే ఊర్లో, ఆ నోళ్ల మధ్య బతికిన మనిషికి వినబడేది గుడ్డే. ఇన్నాళ్లూ నాకు పడిన నెయ్యి ఏ కిటికీ కోసమో అప్పటికి తెలిసింది.

"దుమ్ము వస్తదే," అన్నాడు బావ, నేల చూస్తూ. "గోనెలు ఏడ పెట్టాలె?"

"గట్లనా," అంది అక్క. బట్టను ఉన్న మడతల మీదనే మళ్లీ మడిచి లోపలికి పోయింది. కోపమూ లేదు, ఏడుపూ లేదు. ఏడిస్తే నయమనిపించింది.

కరెంటు వచ్చింది. సాంచలు మళ్లీ మొదలయ్యాయి. బావ ఇక ఆ మాట ఎత్తకుండా ఉండటానికి తొందరగా కాగితం నా ముందుకు తోసి, వేలితో ఎడమ పక్క రెండుసార్లు కొట్టాడు.

వీధిలోంచి, లోపలి నుంచి అనే ఆ వివరణ అప్పటికి సగం నా నాలుక మీదే ఉంది. మిగతా సగం చెబితే అయిపోయేది. నేను జీవితంలో మొదటిసారి వివరించడం మానేశాను.

"ఎడమేనా బావా?" అని పెదాలు విప్పాను.

"ఎడమే!"

"కాగితం మీద ఎడమేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

కుడి పక్క నలుపును రబ్బరుతో శుభ్రంగా తుడిచాను. ఎడమ కిటికీని నల్లగా నింపి, పక్కన తెలుగులో "గుడ్డి కిటికీ, వెనక గోడ" అని రాశాను. కుడిదాని పక్కన ఏమీ రాయలేదు. బావ చూశాడు, తల ఊపాడు, కింద నిండుగా సంతకం పెట్టాడు. మర్నాడే ఆయన నూలు బేరానికి సూరత్ వెళ్లాలి, పది రోజుల పని.

సాయంత్రం ప్రభుదాసు కాగితం పట్టుకుని వీధిలో నిలబడి ఇంటి వంక చూశాడు. కాగితం వంక చూశాడు. నా దగ్గరకొచ్చి చెవిలో అడిగాడు.

"సారూ, గుడ్డిది సేటు గద్దికొస్తున్నది. కరెక్టేనా?"

"కాగితం మీద ఏముంది?"

"ఎడమ."

"కింద ఎవరి సంతకం?"

ప్రభుదాసు సంతకాన్ని, వంటింటి గుమ్మాన్ని మార్చి మార్చి చూశాడు. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో, శిలువ పక్కన పెట్టుకున్నాడు. "దేవుడు చల్లగ చూడాలె సేటును," అన్నాడు.

ఆరో రోజు బస్సెక్కాను. అక్క దారిలో తినమని సకినాలు కట్టిచ్చింది. పర్దా గురించి ఆమె అడగలేదు, కిటికీ సంగతి నేను చెప్పలేదు. చెబితే మొగుడికి చెప్పేస్తుందన్న భయం ఒకటి, నేను గీసింది నిజంగా అదేనా అన్న అనుమానం ఒకటి. బస్సులో సకినాల పొట్లం కాగితం వెనక ఆ ఇంటి ముఖం మూడుసార్లు గీసుకుని, లోపల కూర్చున్నట్టు, బయట నిలబడ్డట్టు నా చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాను. పక్క సీటాయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

కరీంనగర్: ఫోను

జూన్ మూడో వారంలో ఆఫీసుకు ఫోనొచ్చింది. ఎత్తగానే అవతల సాంచల హోరు.

"బామ్మర్దీ!" బావ గొంతు. "ఇల్లు మస్తుగొచ్చింది. సూరత్ నుంచి వచ్చి వీధిల నిలబడి చూసిన. అచ్చం నీ బొమ్మనే. శాంతి నగర్ పెద్దమనిషి వచ్చి రెండు కిటికీలు చూసి, ఏది అసలు, ఏది నకిలీ అని అడిగిండు. తెలుస్తలేదు ఎవలికీ. గర్వంగ లోపలికి పోయిన. గద్దిల కూసున్న. కిటికి తెరుద్దామని చెయ్యి పెట్టిన..."

అక్కడ ఆగాడు.

"గోడరా! నా గద్దికి గోడ! వ్యాపారులొచ్చి చీకట్ల తడుముకుంటున్నరు!"

"అదేంటి బావా, ఎడమదే కదా గుడ్డిది?"

"ఎడమదే... అంటే... ఆ ప్రభుదాసును అడిగితే నా సంతకమే చూపెడ్తున్నడు. నా సంతకం నేను కాదంటనా? సందంత చెప్పుకున్న, ఇంగ్లీషోళ్ల పద్ధతి అని. ఇప్పుడు పగలగొడితే ఆ నున్నటి గారంత రాలిపోతదంటున్నడు."

"రాలుతుంది బావా. ఒకచోట రాలిందంటే ముఖమంతా పోతుంది. ఇంగ్లీషు ఇల్లు ముఖమే కదా." ఈ ఒక్క వివరణ మాత్రం సంతోషంగా ఇచ్చాను. "పోనీ, నూలు గోనెలకు గోడ దొరికింది కదా?"

అవతల చాలాసేపు సాంచలే మాట్లాడాయి. తర్వాత ఫోను చేతులు మారింది.

"తమ్మీ." అక్క. ఆమె అరవలేదు, అయినా ప్రతి మాటా వినిపించింది. "వాన పడ్తున్నది. పొద్దుగాల్ల సంది. నేనే ముందు చూసిన. పక్కింటామెకు నేనే చెప్పిన."

నాకు మాట రాలేదు. ఈసారి మిరపకాయ కూడా లేదు.

"బావ ఏడి?" అన్నాను చివరికి.

"ఈడనే, వంటింట్ల. ఇప్పుడు వీధి చూడాలంటే ఈడికే రావాలె గదా. పీట ఏసుకొని కూసుంటడు." ఆమె గొంతులో నవ్వు దాగలేదు. "ఎవలో వచ్చినట్టున్నరు, పర్దా జరుపుమంటున్నడు. ఎల్లిపాయలు ఒలిచినంక జరుపుత అన్న. ఇంక రెండు గడ్డలున్నయ్."